పూల్ అంచున జిడ్డు గీత పడుతోందా? ఎంజైమ్ వేసి చూడండి

భోగాపురం దగ్గర మా బావగారి తోటలో చిన్న పూల్ ఉంది. వేసవి సెలవులకి విజయనగరం నుంచి పిల్లలంతా అక్కడే దిగుతారు, అదీ తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించుకుని మరీ. వారం తిరిగేసరికి టైల్స్ మీద నీటి అంచున జిడ్డు గీత, ఫిల్టర్ బంకబంకగా అయిపోవడం, మేమేమో ఇంకా ఇంకా క్లోరిన్ పోసేయడం.

క్రిములని చంపడం క్లోరిన్ పని. నూనె, చెమట, సన్‌స్క్రీన్ లాంటివి ఎక్కువైతే దాని బలం సగం వాటి మీదే ఖర్చయిపోతుంది, ఆ ఘాటు వాసన, కళ్ళ మంట కూడా చాలావరకు చెమట, మూత్రంతో కలిసిన క్లోరిన్ వల్లే. ఇక్కడే పూల్ ఎంజైమ్ (పూల్ నీళ్ళలో కలపడానికి డబ్బాల్లో అమ్మేది) పనికొస్తుంది. అందులో సాధారణంగా ఉండే లైపేజ్ అనే ఎంజైమ్ నూనెని చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొడుతుంది, బట్టల సబ్బుపొడిలో జిడ్డు మరకలకి కలిపేదీ ఈ రకమే. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం, పంపు తిరుగుతుండగా సాయంత్రం పూట వేస్తే చాలు.

అలాగని క్లోరిన్ మానేయకండి బాబూ! ఎంజైమ్ క్రిములని చంపదు, పాచిని కూడా ఏమీ చేయదు. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల భాగాల నీటికి ఒకటి నుంచి మూడు భాగాలు), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఎప్పట్లాగే ఉండాలి. షాక్ డోస్ (ఒకేసారి బాగా ఎక్కువ క్లోరిన్) వేసిన రోజు మాత్రం ఎంజైమ్ వద్దు, అంత క్లోరిన్‌కి అదే పాడైపోతుంది, మామూలు స్థాయికి దిగాక వేయండి.

అన్నట్టు, దిగే ముందు పిల్లలకి సబ్బుతో తలస్నానం చేయించి పంపితే సగం డబ్బా మిగులుతుంది.