లెక్కలో ఆరున్నర, గాలిలో ఎనిమిది: మోడల్ విమానం స్టాల్ వేగం ఎక్కడ తప్పుతోంది?

సమస్య: కాగితం మీద స్టాల్ వేగం, అంటే అంతకన్నా తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం, సెకనుకు 6.5 మీటర్లని వచ్చింది. దింపడానికి ఏడున్నర దగ్గర తెస్తుంటే ఒక రెక్క వాలిపోయి విమానం గట్టుకు కొట్టుకుంది. విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల కోతలైన మడుల్లో ఎగరేసే కుర్రాళ్లు నాకు తెచ్చి చూపించే విరిగిన మోడళ్లలో చాలావాటి సంగతి ఇదే. రిసీవర్‌నీ సర్వోలనీ అనుమానించే ముందు లెక్క తీయండి.

మొదట కాటా. బ్యాటరీ, ప్రొపెల్లర్, చక్రాలు, అతుకులేసిన టేపు అన్నీ ఉండగా తూచారా? ఇది ఎన్నిసార్లు చెప్పినా వదిలేస్తున్నారు. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా చాలు. మూడు సెల్స్, 2200 mAh బ్యాటరీ ఒక్కటే సుమారు 180 గ్రాములు. 720 గ్రాములనుకున్నది 900 అయితే స్టాల్ వేగం దాదాపు 12 శాతం పెరుగుతుంది.

బరువు సరిగానే ఉందా? అయితే అసలు దొంగ లిఫ్ట్ గుణకం, అంటే రెక్క ఎంత బాగా పైకి ఎత్తగలదో చెప్పే అంకె.

స్టాల్ వేగం సూత్రంలో గరిష్ఠ లిఫ్ట్ గుణకం దగ్గర 1.5 వేస్తారు. ఆ అంకె నిజమైనదే, ఎయిర్‌ఫాయిల్ (రెక్క అడ్డుకోత ఆకారం) చార్టులోనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ నాకా (అమెరికా పాత విమాన పరిశోధన సంస్థ) చార్టులు ఎక్కువగా 30, 60, 90 లక్షల రేనాల్డ్స్ సంఖ్యల (వేగం, రెక్క వెడల్పు, గాలి జిగట కలిపి తీసే అంకె) దగ్గర కొలిచినవి, అంటే మనుషులెక్కే విమానాలకు పనికొచ్చేవి. మీ రెక్క రేనాల్డ్స్ సంఖ్య ఎంతో చూడండి: వేగాన్ని సెకనుకు మీటర్లలో, రెక్క వెడల్పును (ముందు అంచు నుంచి వెనక అంచుకు) మీటర్లలో తీసుకుని గుణించి, మన ఎండలకు మరో 60,000తో గుణించండి. 20 సెంటీమీటర్ల రెక్క, సెకనుకు 8 మీటర్లు: 96,000. లక్ష కూడా లేదు. అంత తక్కువలో గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని ఉండలేదు, ముందే విడిపోతుంది. 1.5 ఆశించిన చోట రెక్క మొత్తానికి 1.0 దొరికితే గొప్ప. ఫోమ్ బోర్డు పలకనే రెక్కగా పెడితే 0.7 వేసుకోండి.

తేడా ఎంతో చూడండి. 900 గ్రాముల విమానం, 0.24 చదరపు మీటర్ల రెక్క, గాలి సాంద్రత 1.15. గుణకం 1.5 అయితే 6.5 మీటర్లు, 1.0 అయితే 8, 0.7 అయితే తొమ్మిదిన్నర. మీరు ఏడున్నరకు తెచ్చినప్పుడు జాగ్రత్తగానే ఉన్నామనుకున్నారు, విమానం అప్పటికే స్టాల్ దాటేసింది.

రెక్క ఒకవైపే ఎందుకు వాలింది? చివర సన్నగా కోసుంటారు. అక్కడ వెడల్పు 10 సెంటీమీటర్లయితే రేనాల్డ్స్ సంఖ్య కూడా సగమే, కాబట్టి ముందు అదే చేతులెత్తేస్తుంది. కొత్త రెక్కకు చివర కనీసం 14, 15 సెంటీమీటర్లు ఉంచండి, ఆ చివర్లోనే వెనక అంచును రెండు డిగ్రీలు పైకి మెలితిప్పండి. దింపేటప్పుడు స్టాల్ వేగానికి (8 అనుకుంటే) 1.3 రెట్లు, అంటే పదిన్నర దగ్గర రండి. 45 డిగ్రీలు వాలి మలుపు తిప్పితే స్టాల్ వేగమే తొమ్మిదిన్నరకు చేరుతుంది, నేలకు దగ్గరలో అంత వాలు వద్దు.

లెక్కను గాలిలో సరిచూసుకోవాలంటే బాగా ఎత్తులో మోటారు తగ్గించి, ముక్కు వాలేదాకా ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) మెల్లగా లాగండి. జీపీఎస్ చూపేది నేల మీద వేగం. కళింగపట్నం వైపు మధ్యాహ్నం సముద్రపు గాలికి ఎదురెళ్తే అది 4 అని కూడా చూపిస్తుంది, నమ్మకండి. పొద్దున్నే గాలి లేనప్పుడు, ఎదురుగా ఒకసారి, గాలివాటున ఒకసారి చేసి సగటు తీయండి.

ఎండ వల్ల గాలి పలచబడటం మూడు, నాలుగు శాతం తేడా, దాని గురించి టెన్షన్ వద్దు. బరువు వెనక్కి జరిగితే స్టాల్ మొండిగా ఉంటుంది గానీ వేగం పెద్దగా మారదు. రెక్క వంకర ఉంటే వెనకనుంచి చూస్తేనే తెలిసిపోతుంది.