పోర్టింగ్: చేత్తోనా, యంత్రంతోనా?
విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ సిలిండర్ హెడ్‌ను పోర్టింగ్‌కు (గాలి, పొగ సాగే దారులైన పోర్టులను లోపల అరగదీసి సరిచేయడానికి) ఇచ్చేవారిలో కొందరు పోర్టు ఎంత వెడల్పైతే అంత మేలని భావిస్తారు గానీ, అవసరానికి మించి పెద్దదైన ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే) పోర్టులో గాలి వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎమ్ వద్ద ఇంజిన్ లాగుడు పడిపోతుంది. ఒక్క హెడ్డుకైతే కార్బైడ్ బర్‌తో (తిరుగుతూ లోహాన్ని గీకే పళ్ల పనిముట్టుతో) చేతిపనే చాలు. అల్యూమినియం తురుము పళ్లలో ఇరుక్కోకుండా బర్‌కు కొవ్వొత్తి మైనం రాసుకుంటూ, వాల్వు ఆనుకునే సీటు అంచుకు తగలనీయకుండా, దాని కింది మలుపును నునుపు చేస్తే ఫలితంలో అధికభాగం అక్కడే దక్కుతుంది. పోర్టులన్నీ ఒకే కొలతతో రావాలంటే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) మెరుగు. బర్ చేరని వంపుల మానిఫోల్డుకు (హెడ్డుకు బిగించే గొట్టాల అమరికకు) మాత్రం రాపిడి రేణువులు కలిపిన ముద్దను ఒత్తిడితో లోపలికి పంపే పద్ధతి నయం. కార్బురేటర్ బండి ఇన్‌టేక్ గోడలను అద్దంలా మెరిపించడం, నా దృష్టిలో, వృథా శ్రమ. 80 గ్రిట్ ఎమరీ కాగితం ఇచ్చే గరుకుతో వదిలేసి, ఆ మెరుపేదో పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టుకు పెట్టించండి.