వహాకాలో ఏం తినాలి, మెస్కాల్ ఎలా తాగాలి?

మెక్సికో వెళ్తూ తిండి కోసమే రెండు మూడు రోజులు పెట్టుకోగలిగితే, బీచ్ రిసార్టుల్లో కాకుండా దక్షిణాన ఉన్న వహాకా నగరంలో గడపండి.

ముందు మోలే. పొద్దున టిఫిన్ తగ్గించుకుని మధ్యాహ్నానికి ఊరి నడిబొడ్డునున్న ‘20 దే నొవియెంబ్రే’ మార్కెట్‌కి వెళ్లండి. అక్కడి చిన్న హోటళ్లలో మోలే నెగ్రో అడగండి. ఎండుమిర్చిని దాదాపు మాడేదాకా వేయించి, నువ్వులు, మసాలా దినుసులు, కాస్త చాక్లెట్ కలిపి నూరి, గంటల తరబడి ఉడికించిన నల్లటి చిక్కటి గ్రేవీ అది, కోడిమాంసం మీద పోసి ఇస్తారు. చాక్లెట్ ఉందని తియ్యగా ఉంటుందనుకోకండి, ముందు పొగ వాసన, తర్వాత మిర్చి ఘాటు, ఆఖర్న చిరుచేదు తగులుతాయి. అదే మార్కెట్లో ఒక సందు నిండా బొగ్గుల మీద మాంసం కాలుస్తుంటారు. బీఫ్ తినకపోతే తసాహో, అంటే పలచగా కోసిన గొడ్డు మాంసం, వద్దని చెప్పి, మిర్చి పట్టించిన పంది మాంసం సెసీనా తీసుకోండి.

రాత్రికి త్లాయూదా. పళ్లెమంత మొక్కజొన్న రొట్టె మీద పంది కొవ్వు రాసి, నల్ల బీన్స్ ముద్ద, కెసియో అనే పీచుపీచుగా సాగే చీజ్ వేసి బొగ్గుల మీద కాలుస్తారు. శాకాహారులు ‘సిన్ ఆసియెంతో, సిన్ కార్నే’ అంటే కొవ్వు, మాంసం లేకుండా ఇస్తారు, కానీ బీన్స్‌లో కూడా కొవ్వు ఉండొచ్చు కాబట్టి అదీ అడగాలి. వేయించిన మిడతలు, అదే చపులీనెస్, చిటికెడు నోట్లో వేసుకుని చూడండి, నిమ్మ, వెల్లుల్లి, ఉప్పు పట్టి కరకరలాడతాయి.

ఇక మెస్కాల్, అంటే అగావే మొక్క నుంచి తీసే సారా. అది మాత్రం బార్‌లో కాదు, తయారయ్యే చోటే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. దాదాపు గంట దూరంలోని సాంతియాగో మతత్లాన్‌లో పలెంకేలు, అంటే చిన్న బట్టీలు, చాలా ఉన్నాయి. మన రైలు పట్టాల పక్కన కనిపించే కిత్తనార కుటుంబానికి చెందిన ఎస్పదీన్ అనే అగావే మొక్కని ఏడెనిమిదేళ్లు పెంచి, ఆకులు నరికేసి, మధ్యలోని దుంపని నేలలో తవ్విన గుంతలో వేడి రాళ్ల మీద రోజుల తరబడి కాలుస్తారు, ఆ పొగ రుచి అక్కణ్నుంచే వస్తుంది. తర్వాత రాతి చక్రంతో నలిపి, చెక్క తొట్టెల్లో పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పెడతారు. బట్టీ ఆయన వెదురు గొట్టంతో సారా పైకి పీల్చి గిన్నెలోకి వదిలి, పైన ముత్యాల్లా లేచిన బుడగలు ఎంతసేపు నిలుస్తాయో చూసి ఘాటు చెప్పేస్తాడు. అది చూపించమని అడగండి.

తాగేటప్పుడు గుటకేయొద్దు. 45 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఆల్కహాల్ ఉంటుంది. కడుపు నిండా తిని, పెదవి తడిసేంత మాత్రమే తీసుకుని, మధ్యమధ్యలో నారింజ ముక్క కొరకండి, నీళ్లు తాగండి. కారు తోలేవాళ్లు అసలు ముట్టుకోవద్దు. సీసా కొంటే లేబుల్ మీద ‘100% అగావే’, ‘ఆర్తెసనాల్’ (చేతిపనితో చేసింది) లేదా ‘అన్‌సెస్త్రాల్’ (పూర్వీకుల పద్ధతిలో చేసింది), ఏ మొక్క, ఏ ఊరు అన్నవి ఉన్నాయో లేదో చూసుకోండి.