హంతకుణ్ణి ముందే పట్టుకోవాలంటే

డిటెక్టివ్ నవల మొదలుపెట్టేటప్పుడు నేను పెన్సిలు, కాగితం పక్కన పెట్టుకుంటాను. మీరూ పెట్టుకోండి. హత్య జరిగిన వేళకు ఎవరు ఎక్కడున్నామని చెప్పారో రాయండి. ఆ మాటకు సాక్షి ఎవరో కూడా రాయాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. ఇద్దరు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుంటే ఆ రెండు పేర్ల కింద గీత గీస్తాను.

తొలి అధ్యాయాలు నెమ్మదిగా చదవండి. బ్రిటిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో ఇలాంటి కథలకు పది నియమాలు పెట్టాడు. నేరస్థుడు కథ తొలి భాగంలోనే కనబడాలన్నది వాటిలో మొదటిది. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలన్నది మరొకటి. ఈ నియమాలను కావాలని ఉల్లంఘించే రచయితలూ ఉన్నారనుకోండి.

గదిలోని వస్తువులను వరసగా వర్ణిస్తుంటే మధ్యలో వచ్చేదాన్ని పట్టుకోండి. మొదటిదీ చివరిదీ మనకు ఎలాగూ గుర్తుంటాయి. దాచాలనుకున్నది నడుమనే పెడతారు. ఏదో చిన్న విషయం చెప్పి, వెంటనే ఓ గొడవో ఫోన్ కాలో తెచ్చారంటే వెనక్కి వెళ్లి మళ్లీ చదవండి.

సస్పెన్స్ నవలకు కాగితం అక్కర్లేదు. హంతకుడెవరో ముందే తెలిసినా, కథానాయిక అతనికి తలుపు తీస్తుందా లేదా అన్నదే భయం. ఒక్క ఊపున చదివేయండి.

చివరి పేజీ ముందే చూడకండి, బతిమాలి చెబుతున్నా. గుట్టు విప్పబోయే చోట పుస్తకం మూసి, మీ అనుమానం ఎవరిమీదో, ఎందుకో రాసుకోండి. పూర్తయ్యాక తొలి అధ్యాయాలు తిరగేసి, హంతకుడి మాటలు మాత్రమే మళ్లీ చదవండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చదువు అదే.