సాంబ మసూరికి అగ్గి తెగులును తట్టుకొనే జన్యువులను చేర్చే విధానం

బాపట్ల పరిశోధన స్థానంలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) గింజ నాణ్యతలో ఎంత మేలైనదో, అగ్గి తెగులు ముందు అంత బలహీనమైనది. 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరిలోని మూడు జన్యువులు బాక్టీరియా ఎండాకు తెగులును అరికడతాయే గాని, శిలీంద్రం వల్ల వచ్చే అగ్గి తెగులుకు పనికిరావు.

జన్యువుల ఎంపికే ఈ పనిలో కీలకం. వియత్నాం రకమైన టేటెప్ నుంచి గుర్తించిన పీఐ54 జన్యువు తయారుచేసే ప్రొటీన్, శిలీంద్రం కణంలోకి పంపే ఒకానొక ప్రొటీన్‌ను పసిగట్టగానే, మొక్క ఆ చుట్టుపక్కల కణాలను తానే చంపుకొని తెగులును అక్కడే నిలిపివేస్తుంది. శిలీంద్రం ఆ ప్రొటీన్‌ను మార్చుకొన్నా, వదులుకొన్నా ఈ రక్షణ చెల్లదు. అందుకే ఒక్క జన్యువుతో సరిపెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. పీఐ54, అగ్గి తెగులును తట్టుకొనే మరో జన్యువైన పీఐ1 రెండూ 11వ క్రోమోజోమ్‌పైనే ఉన్నందున వాటిని ఒకే మొక్కలో చేర్చడం కష్టం; వాటికి బదులు పీఐ54కు జతగా 6వ క్రోమోజోమ్‌పై ఉన్న పీఐ2ను సీ101ఏ51 అనే వరుస (ప్రజననానికి వాడే స్థిరమైన వరి రకం) నుంచి తీసుకోవడం సులువు.

సాంబ మసూరిని ఆడ మొక్కగా పెట్టి, సాయంత్రం పూత గింజల కొసలు కత్తిరించి, కేసరాలు తొలగించి, బటర్ పేపరు సంచి తొడిగి, మరునాటి ఉదయం దాత మొక్క (జన్యువును ఇచ్చే టేటెప్ లేదా సీ101ఏ51) పుప్పొడి చల్లాలి. రెండు జన్యువులకూ సంకరాలు విడివిడిగా చేయాలి. వచ్చిన సంతానాన్ని సాంబ మసూరితోనే రెండుసార్లు తిరిగి సంకరపరిస్తే, దాని జన్యు వాటా సగటున 75, ఆపై 87.5 శాతానికి చేరుతుంది. ఇలా తిరిగి సంకరపరిచిన ప్రతి తరంలోనూ సగం మొక్కలకే జన్యువు వస్తుంది కాబట్టి, లేత ఆకు డీఎన్ఏను మార్కర్‌తో (జన్యువు ఉనికిని తెలిపే డీఎన్ఏ గుర్తుతో) పరీక్షించి మిగతావి నారు దశలోనే తీసివేయాలి.

తరువాత రెండు వరుసలనూ కలిపి, రెండు జన్యువులూ ఉన్న మొక్కను ఎంచుకొని స్వపరాగ సంపర్కానికి వదలాలి. రెండూ స్థిరపడిన, అంటే ప్రతి జన్యువూ తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ వచ్చిన మొక్కలు పదహారింట ఒకటే ఉంటాయి. 50 పెంచితే ఒకటైనా దొరికే అవకాశం 95 శాతం పైనే, కానీ గింజ రూపాన్ని బట్టి ఏరుకోవాలంటే 200 పెంచడం మంచిది.

జన్యువు ఉన్నదని మాత్రమే మార్కర్ చెబుతుంది, మన ప్రాంతపు శిలీంద్రాన్ని అది ఆపుతుందా అన్నది నారుమడే తేల్చాలి. రాత్రులు చల్లగా ఉండే కాలంలో, నత్రజని ఎక్కువ వేసి, చుట్టూ అగ్గి తెగులుకు సులభంగా లొంగే హెచ్‌ఆర్ 12 రకాన్ని సాళ్లుగా విత్తి, మడిని తేమగా ఉంచాలి. హెచ్‌ఆర్ 12 పూర్తిగా మాడిన తరువాతే పరీక్షిస్తున్న మొక్కల తెగులు తీవ్రతను 0–9 కొలమానంలో (0 అంటే తెగులు లేదు, 9 అంటే అత్యంత తీవ్రం) నమోదు చేయాలి. ఆకుపై నూలుకండె ఆకారపు మచ్చలు రాని వరుసల్లోనూ మెడవిరుపు (వెన్ను మెడ దగ్గర వచ్చే అగ్గి తెగులు) కనిపించవచ్చు కనుక, ఎంచుకొన్న వరుసలను పొలంలో వెన్ను దశ వరకు మళ్లీ చూడాలి.