సైఫై సీరియల్ సహాయ నటి గురించి రాసేటప్పుడు గుర్తింపును ఎలా లెక్కగట్టాలి

అవార్డుల కంటే ముందు ఎపిసోడ్లు లెక్కపెట్టండి. ఆ సీజన్‌లో మొత్తం ఎన్ని, ఆమె కనిపించినవి ఎన్ని అన్నది రాసుకోండి. అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీల ఇప్పటి నియమం ప్రకారం సగం కంటే తక్కువ ఎపిసోడ్లలో నటించినవాళ్లకే అతిథి నటి విభాగంలో చోటు. ఇది చూడకపోతే అతిథి నామినేషన్‌ను సహాయ నటి ఖాతాలో వేసేస్తారు.

ప్రారంభ టైటిల్స్‌ను కొలమానంగా తీసుకోవద్దు. 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’లో ఉహూరాగా నటించిన నిషెల్ నికోల్స్ పేరు చివరి టైటిల్స్‌లోనే పడేది. ఆ పాత్రకు ఎమ్మీ నామినేషన్ కూడా రాలేదు, అది అన్యాయమే. అయినా వ్యోమగాములుగా దరఖాస్తు చేయమని మహిళలనూ మైనారిటీలనూ పిలవడానికి 1977లో నాసా ఆమె సాయమే తీసుకుంది. 1978లో ఎంపికైన బృందంలో, తర్వాత అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ మహిళ శాలీ రైడ్, తొలి ఆఫ్రికన్ అమెరికన్ గైయన్ బ్లూఫోర్డ్ ఉన్నారు. ఇలాంటివి అవార్డుల పట్టికలో దొరకవు. తెర బయటి పనికి విడిగా ఒక పేరా ఇవ్వండి, నిడివి తగ్గించాల్సి వస్తే ఇంకెక్కడైనా కోయండి.

పేర్లు రెండు రకాలుగా వెతకాలి. సైఫై సీరియల్ ‘వెస్ట్‌వరల్డ్’లో మేవ్ పాత్రకు 2018లో డ్రామా సహాయ నటి ఎమ్మీ గెలిచినప్పుడు ఆ నటి పేరు థాండీ న్యూటన్. 2021 నుంచి థాండివే అన్న అసలు పేరే వాడుతున్నారు. ఒక్క పేరుతో వెతికితే సగం సమాచారం జారిపోతుంది.

2017లో అదే పాత్రకు న్యూటన్‌కు వచ్చింది నామినేషన్ మాత్రమే. గెలుపునూ దాన్నీ ఒకే వాక్యంలో కలపకండి.