పాత అంబాసిడర్‌లో బ్యాటరీ నిలవడం లేదా? ముందు తీగలు చూడండి

ఒడిశా తీరాన బరంపురం, గోపాలపూర్ వైపు ఉప్పుగాలికి, ఇంజను తిప్పితే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కంటే ముందు తీగలే పాడవుతాయి. అయినా ఛార్జింగ్ తగ్గిందనగానే ఆల్టర్నేటర్‌నే మార్చేస్తుంటారు. 2014లోనే తయారీ ఆగిపోయిన బండిలోంచి మంచి భాగాన్ని తీసి పారేస్తే మనసు ఒప్పుకోదు. ముందు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పట్టండి. ఇంజను ఆపి ఉంచితే నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.4 వరకు చూపాలి.

సమస్య: ఇంజను నడుస్తున్నా 13 దాటదు, రాయగడ ఘాట్ ఎక్కుతుంటే హెడ్‌లైట్లు మసకబారతాయి.

బెల్టు వదులుగా లేదని చూసుకున్నాక, లైట్లు వేసి ఇంజను వేగం కొంచెం పెంచండి. మీటరు ఒక కొసను ఆల్టర్నేటర్ లావు తీగ బోల్టుకు, రెండోదాన్ని బ్యాటరీ పాజిటివ్‌కు ఆనించండి. 0.3 వోల్టు దాటితే తీగలోనో అతుకులోనో లోపం ఉంది. ఆల్టర్నేటర్ ఒంటికి, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య 0.2 దాటితే ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ను బండి ఒంటికి కలిపే దారి) చెడింది. తీరప్రాంతపు బండ్లలో నేను మొదట అనుమానించేది దీన్నే. తీగ పైతొడుగు చక్కగానే కనిపిస్తుంది; లగ్గు (తీగ కొసన బోల్టుకు బిగించే లోహపు ముక్క) దగ్గర ఒలిచి చూస్తే రాగి పోగులు నల్లబడి, పచ్చటి చిలుము పట్టి ఉంటాయి.

పరిష్కారం: ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. రాగి మెరిసేదాకా తీగను కోసి కొత్త లగ్గు నొక్కించండి. బోల్టు కూర్చునే చోట రంగు గీకి, బిగించాక వాసెలీన్ పూయండి.

డైనమో (పాత రకం ఛార్జింగ్ యంత్రం) తీసి ఆల్టర్నేటర్ పెట్టిన బండైతే పాత సన్నతీగ ఆ కరెంటుకు చాలదు, వేడెక్కుతుంది. 40 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను నేరుగా బ్యాటరీకి లాగి, బ్యాటరీ పక్కనే 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఆ కరెంటు ఇక పాత అమ్మీటరు (కరెంటు కొలిచే మీటరు) గుండా పోదు కాబట్టి దాని లెక్కను నమ్మకండి, వోల్టు మీటరు అమర్చుకోండి.

సమస్య: తాళం తిప్పినా డ్యాష్‌బోర్డు మీది ఎర్ర ఛార్జింగ్ దీపం వెలగదు.

బల్బు పోయి ఉండవచ్చు. చాలా ఆల్టర్నేటర్లకు తొలి కరెంటు అందేది ఆ బల్బు గుండానే. అదే వాట్ల బల్బు వేయండి, ఎల్ఈడీ వద్దు.

సమస్య: 15 వోల్టులు దాటుతుంది, బ్యాటరీ నీళ్లు త్వరగా తగ్గుతాయి.

రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టులను అదుపులో ఉంచే భాగం) ఎర్త్ చూడండి, బాగుంటే రెగ్యులేటర్ మార్చండి.

సమస్య: రాత్రి ఆపిన బండి తెల్లారి స్టార్టు కాదు, ఆల్టర్నేటర్ మాత్రం వెచ్చగా ఉంటుంది.

ఆల్టర్నేటర్‌లోని డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) లీకవుతోంది, ఇప్పుడు ఆల్టర్నేటర్‌ను విప్పక తప్పదు. ఛార్జింగ్ పరీక్ష పేరుతో నడిచే ఇంజనుపై బ్యాటరీ తీగ ఊడదీసే అలవాటే డయోడ్లను కాల్చేస్తుంది. ఎవరు చేయబోయినా ఆపండి.